బుగ్గ నిండనన్ని నీళ్లు

2004 జూన్‌లో నన్ను ముదిగొండ నుంచి బూర్గంపాడు వైపు అడవి అంచునున్న ఒక సబ్‌సెంటరుకు ఏఎన్ఎంగా బదిలీ చేశారు. బడికి పోకుండా మా నాయన దగ్గరే చదువుకుని, ప్రైవేటుగా పదో తరగతి కట్టినదాన్ని. ఆ కొలువు దొరకడమే దైవకృప అనుకున్నాను. సబ్‌సెంటరంటే రెండు గదులు, టీకాల డబ్బా, మాత్రలు. సెలైన్ ఎక్కించాలంటే వాగు దాటి పీహెచ్‌సీకి పోవాల్సిందే.

నా ఊళ్లలో ఒకే ఒక యూదుల కుటుంబం ఉండేది. గుంటూరు వైపు నుంచి తాపీ పనికి వచ్చి నిలిచిపోయిన తెలుగువాళ్లే. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం. పొయ్యి వెలిగించరు, కలం పట్టరు. మా టీకాల రోజులేమో బుధ, శనివారాలు. ఆ ఇంటి కోడలు ఎస్తేరు మా ప్రాంతపు పిల్లే, ఆ ఆచారంలోకి మెట్టింది. శనివారం సూది వేయించుకునేది గాని, సంతకం మాత్రం మర్నాడు పెట్టేది. "మీ దేవుడు అందరికి సెలవిచ్చి నన్నొక్కదాన్నే మరిచిండు" అని నేను నవ్వేదాన్ని.

ఆ సెప్టెంబరులో ఎస్తేరుకు ఎనిమిదో నెల. బుధవారం పరీక్షకు వచ్చినప్పుడు, "శనారం ఒక్కపొద్దుంట అక్కా" అంది. నేనూ శనివారాలు ఒక్కపొద్దుంటాను. పగలు పాలు, పండ్లు, రాత్రికి అన్నం. "ఉండు తల్లీ, పాలు మాత్రం మానకు" అన్నాను. ఆమె నవ్వింది. ఎందుకు నవ్విందో నేను అడగలేదు.

శనివారం పొద్దున ఆమె భర్త పరుగున వచ్చాడు. తెల్లవారుజాము నుంచి వాంతులు, విరేచనాలట. వెళ్లి చూస్తే నాలుక ఎండిపోయి, నాడి వేగంగా కొట్టుకుంటోంది. తెల్లారినప్పటి నుంచి మూత్రం లేదు. వాగు పొంగడంతో సాయంత్రం దాకా జీపు రాదని కబురు. ఓఆర్ఎస్ కలిపి ఇస్తే ఎస్తేరు మూతి తిప్పుకుంది.

"పాలు తాగుకుంట ఉండేది గూడ ఒక్కపొద్దేనా అక్కా? మాది ఏడాదికొక్కనాడు. నిన్న పొద్దుగూకినకాడి నుంచి ఇయ్యాల చుక్కలు పొడిచేదాక నీళ్లు గూడ ముట్టం."

ఒక్క మాట ఇద్దరికీ ఒకే అర్థమనుకోవడం నా తప్పు. దాన్ని దిద్దుకోకుండా ఆ గడప దిగకూడదనుకున్నాను. లోపల ప్రార్థనలో ఉన్న ఆమె మామ యాకోబు గారిని పిలిచి, ఇలాగే వదిలేస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమని చెప్పాను.

ఆయన ఒకటే అడిగారు. "నర్సమ్మా, ఇది నీ భయమా, నీ చదువు చెప్పే మాటా?"

"చదువు చెప్పే మాటేనయ్యా."

"అయితే ప్రాణం కాపాడ్డమే ఆజ్ఞ. బుగ్గ నిండనన్ని నీళ్లు, పది నిమిషాలకోసారి పట్టు. ధర్మం అలాగే చెప్పింది. అది చాలదంటే చెప్పు, చెంబుతోనే తాగిస్తాను." కోడలి వైపు తిరిగారు. "తాగితే కాదమ్మా, తాగకపోతేనే తప్పు."

నాకు ఆశ్చర్యం వేసింది. వాంతులయ్యేవారికి ఓఆర్ఎస్ పట్టే పద్ధతీ అదే: కొద్దికొద్దిగా, ఆగి ఆగి. ముప్పై మిల్లీలీటర్ల కొలత గ్లాసు తీసి చూపించాను. ఆయన దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని, ఎస్తేరు బుగ్గల వంక చూసి, సరేనన్నారు.

గడియారం చూసుకుంటూ పట్టాను. రెండుసార్లు కక్కింది, పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాటాక, "నీ పాలేవి అక్కా? నువ్వు గూడ మాలో కలిసినవా?" అంది. వేళాకోళమాడే ఓపిక వచ్చిందంటే సగం గెలిచినట్టే. నాలుగింటికి మూత్రం వచ్చింది. ఫీటోస్కోపుకు బిడ్డ గుండె చప్పుడు సరిగ్గా వినిపించింది. వాగు తీశాక జీపులో పీహెచ్‌సీకి పంపాను. నెల తిరగ్గానే ఆడపిల్ల పుట్టింది.

యాకోబు గారికి నేను రుణపడి ఉన్నాను. ఆయన నా చదువును నమ్మారు. వాళ్ల ధర్మంలో ఏముందో నేను ఊహించుకున్నానే గాని అడగలేదు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ఏ గర్భిణి ఒక్కపొద్దన్నా, ఏ మతమని అడగలేదు. "నీళ్లు తాగుతవా?" అని అడిగి, జవాబు విన్నాకే రిజిస్టరులో రాశాను.