శంకరవ్వ వేళ్లు, బిడ్డ వేళ్లు

శంకరవ్వ పదో ఏట బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. నలభై రెండేళ్లు వచ్చినా దాన్ని దించలేదు. కొండగట్టు పక్కన ఉన్న ఆ ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లందరిదీ అదే బతుకు. తునికాకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. మొగుడు వెంకటి మస్కట్‌లో కూలి పని చేస్తాడు. శంకరవ్వ మనిషి మంచిదే గానీ మహా మొండిది. ఆమెకు ఒకటే పట్టు: బిడ్డ భవ్యశ్రీ చాట ముట్టకూడదు. తొమ్మిదో తరగతి పిల్ల సరదాకి ఒక ఆకు తీసినా సరే, "చెయ్యి ఇరగ్గొడ్త" అని లేచేది.

శంకరవ్వ వేళ్ల మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద ఎంత అదిమినా ముద్ర పడదు, చివరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. బీడీలు చుట్టేవాళ్ల వేళ్లు అంతేలే అని ఊళ్లో ఎవరూ పట్టించుకోరు. ఆమె కూడా పట్టించుకోలేదు.

భవ్యశ్రీ చదివే ప్రైవేటు బడికి ఒకరోజు టై కట్టుకున్న పెద్దమనిషి ఒకడు లాప్‌టాప్ పట్టుకుని దిగాడు. పిల్లల వేలిముద్రలు చూసి తెలివితేటలు చెప్పేస్తాడట, రాబోయే రోగాలు కూడా చెప్పేస్తాడట! ఎంత ధైర్యమో చూడండి. భవ్యశ్రీ పది వేళ్లూ పెట్టింది. తెర మీద తెల్లటి మచ్చలే తప్ప గీత కనపడలేదు. బడి పిలిపిస్తే వచ్చిన తల్లిని కూడా పెట్టమన్నాడు. ఆమెవీ పడలేదు.

"ఇద్దరికీ లేవంటే ఇది వంశంలో వస్తున్నదమ్మా. ఇట్లాంటోళ్లకు గుండెలనో నరాలలనో లోపం ఉంటది. మీ ఇంట్ల ఎవరన్న చిన్న వయసుల పోయిండ్రా?"

శంకరవ్వ తల్లి యాభై నిండకుండానే దగ్గి దగ్గి పోయింది. ఆ తల్లి వేలిముద్ర కూడా ఏ కాగితం మీదా సరిగ్గా పడేది కాదు. "మా అవ్వ పోయింది సారూ" అంది. ఆయన 'నేను అనుకున్నదే' అన్నట్టు తల ఊపాడు. ఆ ఊపుడు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండాలి. ఆమెకు మాత్రం ఒళ్లు చల్లబడింది.

ఇంటికి వచ్చాక అదే ఆలోచన. తన వేళ్లు బీడీలతో అరిగాయి, సరే. చాట ముట్టని పిల్ల వేళ్లు ఎందుకు అరుగుతాయి? అంటే తన రక్తంలోంచే దిగిందన్నమాట. కని, పాలిచ్చి, దాంతో పాటు రోగం కూడా ఇచ్చిందన్నమాట. అయ్యో నా తల్లీ! ఆ రోజు నుంచి పిల్ల తుమ్మితే భయం, మెట్లెక్కి ఆయాసపడితే భయం, ఒక ముద్ద తక్కువ తింటే భయం. మొగుడు ఫోన్ చేస్తే అంతా మంచిదే అని చెప్పి, పెట్టేశాక ఏడ్చేది. కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టింది. తిండి మానేసింది.

పక్కింటి కొమురవ్వ చూడలేక విషయం రాబట్టింది. రాబట్టి మండిపడింది.

"టై కట్టుకున్నోడు చెప్తే అయిపాయెనా? నీకు జర తెలివి ఉన్నదా? జగిత్యాల దవాఖానల చూపియ్యి. గిట్ల పరేషానయితే ముందు నువ్వే పోతవ్."

జగిత్యాల దవాఖానాలో స్నిగ్ధ అనే డాక్టరమ్మ పిల్ల గుండె చూసింది, రక్తం చూసింది. అన్నీ బాగున్నాయంది. తర్వాత వేళ్లు పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

"గీతలు తల్లి కడుపుల ఉన్నప్పుడే పడ్తయమ్మా. వాటి తీరు కొంత అమ్మ బాపుల నుంచి వస్తది. కొన్ని పుట్టు జబ్బులల్ల గీతలు వేరుగ ఉంటయి, అది నిజమే. కానీ ఉత్త వేళ్లు చూసి ఈ పిల్లకు గుండె జబ్బని చెప్పుడు ఎవరితోని కాదు."

"మరి దీనికి గీతలెందుకు లేవమ్మా?"

"ఉన్నయి. అరిగినయి. గోరు చూడు, తంబాకుకు పచ్చగయింది." డాక్టరమ్మ పిల్ల వైపు తిరిగింది. "ఎప్పటి సంది చుడుతున్నవ్ బీడీలు?"

శంకరవ్వకు నవ్వొచ్చింది. "నా బిడ్డ చాట ముట్టదు డాక్టరమ్మా. నేను ముట్టనియ్య."

భవ్యశ్రీ తల వంచుకుంది.

"దసర సంది" అంది. "నీ చేతులు వణుకుతున్నయి అవ్వా. నువ్వు వంటకు లేస్తే నేను చాట ముందర కూసుంటున్న. నీళ్లకు పోతే మల్ల కూసుంటున్న. దినాం వెయ్యి బీడీలు కాకపోతే కార్ఖాన్ల పని కార్డు తీసేస్తరని ఏడ్చినవ్ గద. చెప్తే కొడ్తవని చెప్పలే."

దసరా నుంచి రోజూ వెయ్యి పూర్తవుతుంటే, తన చేతుల్లో ఇంకా సత్తువ ఉందని శంకరవ్వ మురిసిపోయింది! మానేస్తే గీతలు మెల్లమెల్లగా మళ్లీ వస్తాయనీ, తంబాకు చర్మంలోంచి ఒంట్లోకి పోతుందనీ డాక్టరమ్మ చెబుతూనే ఉంది. ఆమెకు సగమే వినపడింది.

బస్సులో బిడ్డను తిట్టలేదు. ఇంటికి రాగానే చాటలో ఉన్న బీడీలన్నీ చాప మీద పోసింది. మూతి మడత చూసి ఇది ఎవరి చేతి బీడీయో చెప్పగలదని ఊళ్లో ఆమెకు పేరు. కొమురవ్వది వదులు, ఇంకొకరిది వంకర. ఇప్పుడు బిడ్డవి ఏరి పక్కన పడేద్దామని కూర్చుంది. ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూసింది. అదే బిగువు, అదే మడత, దారం అదే చోట. నేర్పలేదు, ముట్టనివ్వలేదు, అయినా తన చెయ్యి బిడ్డకు దిగింది. శంకరవ్వకు అసలు భయం అప్పుడు పట్టుకుంది.

"వీటిల నీయి ఏవి బిడ్డా?"

భవ్యశ్రీ పక్కన కూర్చుని చాలాసేపు వెతికింది.

"నాకు సుత తెలుస్తలేదవ్వా."