కీర్తన వేయని అడుగులు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. విమానాశ్రయం పక్కనున్న మా సాతంరాయిలో ఇంటి మీద నుంచి విమానాలు పోయే మోతకు ఏ దయ్యమైనా సామాన్లు సర్దుకోవాల్సిందే. కాబట్టి ఇది దయ్యం కథ కాదు. ఏం కథో నాకూ తెలియదు.

కీర్తన మా అక్క కూతురు. తొమ్మిదేళ్లు. పిల్లలు ఫోన్లు వదిలి ఆడుకోవాలని వాళ్ల బడిలో అందరికీ అడుగులు లెక్కపెట్టే చేతి పట్టీ ఇచ్చారు. రోజూ ఎవరెన్ని అడుగులు వేశారో తరగతి గోడ మీద రాస్తారు. మరీ తగ్గితే టీచర్ ఇంటికి కబురు పెడుతుంది. కీర్తన పేరు ఎప్పుడూ చివరనే. బద్ధకం అనుకున్నాం.

కబురు రాకముందే నేను తెలివి చూపించాను. బడి నుంచి రాగానే ఆ పట్టీని మా బర్రె కాలికి కట్టి మేతకు తోలాను. మర్నాడు కీర్తన తరగతిలో ఫస్ట్. పిల్ల మాత్రం మూతి ముడిచింది.

“గది బర్రె నడక మామా. నాది గాదు.”

“బర్రె ఏమన్న అడిగిందా? మెడల్ నువ్వే ఏస్కో.”

నెల రోజులు బర్రే నడిచింది.

కీర్తన మెట్ల మీద రెండుసార్లు పడిపోయాక దవాఖానకు తీసుకెళ్లాం. నడక ఎప్పటి నుంచి తగ్గిందని డాక్టర్ అడిగితే అక్క ఫోన్‌లో పట్టీ లెక్క చూపించింది. “మొన్నటిదాంక క్లాసుల ఫస్ట్ సార్.” అవి ఎవరి అడుగులో నేను అక్కడే చెప్పాల్సి వచ్చింది. నా జోకుల్లో ఎవరూ నవ్వనిది అదొక్కటే. కండరాలు క్షీణించే జబ్బట. ముందే తెచ్చినా పెద్ద తేడా ఉండేది కాదేమో అన్నాడు డాక్టర్. ఆ ‘ఏమో’ నాకు మిగిలింది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం. కీర్తన మంచం దిగక అప్పటికి మూడు నెలలు. పట్టీ మాత్రం తీయనివ్వదు. నిద్రపోతోంది, చెయ్యి నా చేతిలో ఉంది. పట్టీ మీద సున్నా పోయి నాలుగు వచ్చింది. తర్వాత పదకొండు. నలభై.

విమానం అదురు అనుకున్నాను. పైన విమానం లేదు. పట్టీ విప్పి కిటికీలో పెట్టాను. నూట తొంభై. అక్కను పిలిచాను. ఇద్దరం ముట్టుకోకుండా నిలబడి చూశాం. మూడు వందల పన్నెండు దగ్గర ఆగింది.

అప్పుడే కీర్తన కళ్లు తెరిచింది. ఒళ్లంతా చెమట.

“కాళ్లు గుంజుతున్నయి మామా. మస్తు ఉరికిన.”

రిపేరు షాపులో చూపిస్తే పట్టీ బాగానే ఉందన్నారు. విమానాలు రోజూ పోతున్నాయి, అంకె మళ్లీ సున్నా దాటలేదు. ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్పలేను. తమాషాగా చెబుదామని కూడా చూశాను, కుదరలేదు.

ఆ మూడు వందల పన్నెండూ తన అడుగులేనని కీర్తనకు మాత్రం ఏ అనుమానమూ లేదు. రోజూ అన్నం తినగానే పట్టీ సరిచేయించుకుని కళ్లు మూసుకుంటుంది. ఇప్పుడు చెయ్యి కూడా ఎత్తలేకపోతోంది కాబట్టి, లేచాక అంకె చదివేది నేనే.

“ఎన్ని, మామా?”

“సున్నా.”

పట్టీ తీయబోతే వద్దంటుంది.

“రేపు జర ఎక్కువసేపు పండుకుంట.”