గోడ పక్కన తంగేడు

మన్సూరాబాద్‌లో మా పాత పొలం మీదుగా పోయే కాలనీ రోడ్డు పక్కన, ఎవరిదో ప్రహరీ గోడ బయట, నేను పెంచిన తంగేడు ఈ వానలకు పూసింది. దగ్గరికి వెళ్తే ఆకు వగరు వాసన తగులుతుంది. ఎదురింట్లో డ్రిల్లింగ్ మోత ఎంత ఉన్నా నా చెవి ఇంకో చప్పుడు కోసం వెతుకుతుంది.

చిన్నప్పుడు ఇక్కడ జొన్నచేను, గట్టు వెంట తెల్లగా గునుగు పూలు, వానలు వెనుకపట్టాక పచ్చిగడ్డి ఆవిరి, ఇంట్లోంచి నువ్వులు వేగే వాసన, సత్తుపిండి ముద్దలతో పరిగెత్తే మేము, మా వెనుక చెల్లెలు యాదమ్మ. ముద్ద నోట్లో పడితే చాలు, యాదమ్మ పెదవులు మూసి ఝుమ్మని రాగం తీసేది. ఒక ఎండాకాలం జ్వరంతో పోయింది. చిన్నపిల్ల కనుక గట్టు మీదే పూడ్చారు. ఆ చోట అమ్మ తంగేడు గింజలు వేసింది. మేక ముట్టదు, నీళ్లు అడగదు, గుర్తు చెరగదు.

పూసిన తొలి ఏడు పెద్ద నల్ల తుమ్మెద వచ్చింది. ఎగిరేటప్పుడు దాని చప్పుడు ఒకటి. పువ్వును కరుచుకుని పుప్పొడి రాల్చేటప్పుడు, మూసిన నోటితో తీసినట్టు, సన్నని రాగం ఇంకొకటి. అమ్మ గంప దించి అక్కడే కూర్చుండిపోయింది.

బతుకమ్మకు పూలు ఏరుతూ పెద్దమ్మ వచ్చింది. "గింత పువ్వు పెట్టుకొని గౌరమ్మకియ్యవా, పిసినారిదానా!" అని నవ్వింది.

"తెంపితే అది రాదక్కా," అంది అమ్మ.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది.

తర్వాత పొలం ప్లాట్లయింది. చదువు తక్కువైనా కొలతలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. పొలంలోని బావి పూడ్చకముందే అక్కడి నుంచి గట్టు మీది యాదమ్మ చోటుకు తాడు పట్టి, లేఅవుట్‌ పటంతో సరిచూశాను.

"ఎవలింటి కింద వడ్డది బిడ్డా?" అంది అమ్మ.

"ఇంటి కింద కాదమ్మా, రోడ్డంచున."

ఆ పూట అమ్మ అన్నం తింది.

ఏళ్ల తర్వాత ఆ అంచునే మళ్లీ గింజలు వేశాను. మొదటి విడత రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టాను. రెండోసారి వేడినీళ్లలో నానిన గింజలు నాటి, వానకు వదిలేశాను.

నిన్న అమ్మను తీసుకెళ్లాను. పొద్దెక్కేదాకా నిలబడ్డాం. చిన్న ఈగలు వాలాయి, సీతాకోకలు వచ్చాయి. తుమ్మెద రాలేదు. అది గూడు తొలుచుకునే ఎండుకర్ర వాసాలు, దూలాలు ఈ చుట్టుపక్కల ఒక్క ఇంటికీ లేవు. అన్నీ ఇనుపగేట్లు, సిమెంటు.

గేటు తీసుకుని ఇంటావిడ బయటికొచ్చింది. "మీరు వేసిందేనాండీ? రోజూ కోద్దామనుకుని ఆగిపోతున్నాను. పూజకి కోసుకోవచ్చా?"

అమ్మ ఒక పూలకొమ్మను ఆమె వైపు వంచింది.

"తెంపుకో బిడ్డా. ఇంకొచ్చేటోళ్లు ఎవ్వల్లేరు."