కుండల మధ్య కొండ మొక్క

మొక్కలకు మొక్కడం తప్ప వాటిని పెంచడం నాకు చేతకాదు. తులసి కూడా నా చేతిలో ఎక్కువకాలం నిలవలేదు. అలాంటి నా వంటింట్లో, బెంగాల్‌లోని లిలువాలో మేం అద్దెకున్న రోజుల్లో, తూర్పు హిమాలయాల మబ్బుల్లో పెరిగే ఓ అరుదైన పొద కాపురం చేసింది. ఆ ఘనతలో నా వాటా నీళ్ళు మోయడం. మిగతాదంతా మా అత్తది.

దాన్ని తెచ్చింది మేడ మీద ఉండే ఇంటాయన. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన బెంగాలీ పెద్దమనిషి. మొక్క ఆయన భార్యది. ఆవిడ పుట్టిల్లు డార్జిలింగ్ వైపు. ఆవిడ పోయాక ఆకులు రాలడం మొదలైంది. అవి కరెంటు కోతల కాలం. లోడ్‌షెడ్డింగ్‌లో లోడు ఎవరిదో గాని షెడ్డింగంతా ఆ మొక్కదే.

"బౌమా, పైన గది పెనంలా కాలుతోంది. మీ వంటిల్లు చల్లగా ఉంటుంది. ఈ వేసవి గట్టెక్కించండి చాలు. పువ్వు పూసేంత కోలుకుంటే పైకి తీసుకుపోతాను," అన్నాడు. బౌమా అంటే కోడలు. ఆ వీధిలో నేను అందరికీ కోడలినే. ఆవిడ పెంచినవాటిలో మిగిలింది ఇదొక్కటేనని గుమ్మం దాటుతూ, వెనక్కి తిరక్కుండా చెప్పాడు.

ఓ కొమ్మ ముక్కకు నాచుతో కట్టి ఉంది. మొదలు చిన్న కందగడ్డలా ఉబ్బింది. వాలిపోయిన రెమ్మలకు నాలుగు దళసరి ఆకులు. శ్రీకాకుళం నుంచి మాతోపాటు వచ్చిన అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటే ఇది? మట్టి నేదు, కుండీ నేదు. బదనికేటి?"

"కాదత్తా. బదనికలా చెట్టు రసం తాగదు. ఊరికే కొమ్మ మీద కూర్చుంటుంది. గాల్లో తేమే దీనికి తిండి."

"అయితే నా కొడుకు నాగే. ఎక్కి కూకుంటే దిగడు."

కాళ్ళకు అడ్డం లేకుండా, మంచినీళ్ళ కుండలుండే మూల, తడి ఇసుక మీద చేరేసింది. అక్కడో పాత కుండ, ఆ ఏడు కొన్న కొత్త కుండ. కొత్తది ఒళ్ళంతా చెమర్చేది. కిటికీ గాలి ఆ చెమట మీదుగా మొక్కను తాకేది. నేను తడి తువ్వాళ్ళతో, విసనకర్రతో చేసిన వైద్యమంతా వృథా అయ్యాక, ఆ కుండ పక్కన ఓ గులాబీరంగు చిగురు కనబడింది.

ఇంటాయన రోజూ పొద్దున్నే వచ్చి "కేమొన్ ఆఛే, దిది?" అనేవాడు. ఎలా ఉంది అక్కా అని. ఆయన అడిగేది మొక్క సంగతి, అత్త చెప్పేది మోకాళ్ళ సంగతి. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు బెంగాలీ అంతంతమాత్రం. ఇద్దరూ తృప్తిగా తలలూపుకునేవారు.

జ్యేష్ఠంలో ఓ మధ్యాహ్నం అత్త ముంచుకున్న గ్లాసు అందుకుని నేనో గుక్క తాగితే నీళ్ళు వేడిగా ఉన్నాయి. అత్త కొన్నాళ్ళుగా పాత కుండలోవే తాగుతోందని అప్పుడు తెలిసింది. ఆ కుండ చెమర్చడం ఎప్పుడో మానేసింది.

"కొత్తదాన్లో ముంచుకోవచ్చుగా అత్తా?"

"ముంచితే నీళ్ళు దిగిపోవా? నిండా ఉంటేనే పైదాకా సెమటడతాది. దానికి దాహమని సెప్పుకోడానికి నోరు నేదు. నాకుంది గదా."

ఉంది. వీధివీధంతటికీ తెలుసు.

మర్నాడు మా ఆయన ఇంకో కొత్త కుండ తెచ్చాడు. అత్త దాన్ని మొక్కకు రెండోవైపు పెట్టి, మళ్ళీ పాత కుండలోవే తాగింది.

ఓరోజు ఇంటాయనకూ అందులోంచే గ్లాసుడు ఇచ్చింది. ఆయన ఓ గుక్క తాగి, చెమరుస్తున్న కుండలకేసి చూసి, నన్ను కారణం అడిగాడు. చెప్పాను. ఆయన గ్లాసు ఖాళీ చేశాడు. మర్నాటి నుంచి ముందు అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయో నా చేత తెలుగులో అడిగించి, ఆ తర్వాతే మొక్కవైపు తిరిగేవాడు.

చలికాలం చివర్లో మొగ్గలొచ్చాయి. ఎర్రటి చిన్న లాంతర్లలా రెమ్మల కింద వేలాడాయి. ఇంటాయన పీట మీద కూర్చుని వాటిని చాలాసేపు చూశాడు. "ఆమె ఉన్నప్పుడు కూడా ఇన్ని పూయలేదు," అన్నాడు. అని, తనకే ఏదో తప్పుగా తోచినట్టు, "పూసేవి, పూసేవి," అని సర్దుకున్నాడు.

మాట ప్రకారం పైకి తీసుకుపోవడానికి లేచాడు. అత్త కొంగు దోపుకుంది.

"ఎండలు ముదరకముందే దింపీమని సెప్పే. ఆడపిల్ల నాగ, ఏటేటా యేసంగికి పుట్టింటికి రావాల."

నేను బెంగాలీలో చెప్పాను. ఆయన నవ్వాడు. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఏ వేసవీ మాట తప్పలేదు. నీళ్ళు మోసినందుకే నాకు ఆ మొక్కతో ఆడపడుచు చుట్టరికం దొరికింది.

ఆ రోజు మాత్రం ఆయన కొమ్మను రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కుతుంటే, వెనకాలే అత్త, రాలిన నాచు ఏరి ఒడిలో వేసుకుంటూ వెళ్ళింది.