జేజి వెచ్చబెట్టిన మడమ

పోయిన వారం మా జేజి, అంటే మా నాయనమ్మ, పోయింది. ఫోను వచ్చేటప్పటికి నేను చింతామణిలో, ఆసుపత్రి ల్యాబులో ఉన్నాను. గర్భిణుల రక్తంలో, అప్పుడే పుట్టిన పిల్లల రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంత ఉందో చూడడం నా ఉద్యోగం. చేతిలో ఉన్న పరీక్షలు ముగించాకే బస్సెక్కాను. పని మధ్యలో వదిలి వస్తే ఆమెకే కోపం వచ్చేది.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. చిక్కబళ్ళాపురంలో ల్యాబ్ కోర్సులో చేరతానన్నప్పుడు మా పెద్దనాయన అడ్డుపడ్డాడు.

"పొద్దస్తమానం రక్తం చూసే పని ఆడపిల్లకెందుకమ్మా?"

జేజి పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. "రక్తం చూడని ఆడది యాడుండాదిరా?" అంది. ఆ ఏడే నేను కోర్సులో చేరాను.

నాలుగేళ్ళ కిందట మా అన్నకు బాగేపల్లి ఆసుపత్రిలో కూతురు పుట్టింది. ఇంటికి పంపేముందు నర్సు థైరాయిడ్ పరీక్షకు పాప మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం కావాలంది. టీకాలకు ఒప్పుకున్నవాళ్ళే రక్తం అనేసరికి అడ్డం తిరిగారు. పురుడు తీరకముందు పసిబిడ్డ రక్తం చిందకూడదని మా ఇంటి ఆచారం.

"తల్లికి థైరాయిడ్ చూసినారు, బాగుండాదన్నారు. ఇంక బిడ్డకేమి? పురుడు పోనీ, చూస్తాం" అన్నాడు పెద్దనాయన.

తల్లికి బాగున్నా బిడ్డకు లేకపోవచ్చనీ, పైకి ఏమీ తెలియదనీ, తెలిసేటప్పటికి మెదడు ఎదుగుదల దెబ్బతింటుందనీ నేను మొత్తుకుంటున్నాను. ఎవరూ వినలేదు. జేజి లేచి కొడుకు వైపు తిరిగింది.

"పట్టుపురుగులు పైకి బాగుండాయని మందుపొడి చల్లకుండా కూర్చుంటివే, ఆ పంటలో ఒక్క గూడన్నా కట్టినాయా? నిన్ను కన్నప్పుడు నాకెంత రక్తం పోయిందో ఎవురూ అడగలే. ఇప్పుడు నాలుగు చుక్కలకి నీకొచ్చిందా నొప్పి? తియ్యమ్మా నువ్వు!"

చలికాలం. పాప మడమ చల్లగా ఉంది, చుక్క దిగేలా లేదు. ఆ చిన్న కాలిని జేజి తన గరుకు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది, నోటి ఆవిరి పట్టింది. అప్పుడు నర్సు గుచ్చింది.

పాప ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ దాదాపుగా తయారు కావడం లేదని తేలింది. ఇంకా పేరు పెట్టకముందే మాత్ర మొదలైంది. రోజూ పొద్దున్నే దాన్ని పొడి చేసి, తల్లిపాలలో కలిపి చెంచాతో పట్టే పని జేజిదే. చూడవచ్చినవాళ్ళు "ఇంత పసిదానికి మాత్రలా?" అంటే "నీ నోట్లో పోసినామా?" అనేది.

పాపను మా ల్యాబుకు పరీక్షకు తెచ్చినప్పుడల్లా, సూది ఇప్పుడు చేతికేనని ఎంత చెప్పినా, ముందు పాప మడమలే రుద్దేది. "కాలే కదమ్మా మనకు మొదట చెప్పింది?" అనేది. ఇప్పుడు పాప వాగుతుంది, పోట్లాడుతుంది, అంగన్‌వాడీలో అందరికంటే గట్టిగా పాడుతుంది.

నేను ఇల్లు చేరేసరికి జేజిని వసారాలో పడుకోబెట్టారు. పాప జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"చిన్నపిల్లలు ముట్టుకోకూడదు, లేపండి" అన్నాడు పెద్దనాయన.

"లేపను. అది ముట్టుకుంటాది" అన్నాను.

పెద్దనాయన పక్కకు జరిగాడు.

"జేజి కాలు చల్లగుండాది" అంది పాప. ఆ మడమను రెండు చేతుల మధ్య పెట్టుకుని, వంగి నోటి ఆవిరి పట్టి, రుద్దడం మొదలుపెట్టింది.