మాచర్లలో సగం తెరిచిన గోడ

“ఇంజినీరొస్తన్నాడే. మా క్వార్టర్లు ఉంచాలో కూల్చాలో ఇయ్యాళ తేలుద్ది. ఆర్కిటెక్చర్ సదివింది నువ్వే గదా, రా!” అని పెద్దమ్మ ఫోన్ చేస్తే, నరసరావుపేటలో పొద్దున్నే బస్సెక్కాను. మాచర్లకు రెండు గంటల పైనే పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. బస్టాండు నుంచి షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. “అందరూ సాగర్ చూట్టానికి పోతారు, నువ్వేంది తల్లీ ఆ పాత క్వార్టర్లకి?” అన్నాడు డ్రైవర్. గోడ చూడ్డానికన్నాను. అద్దంలో నన్నోసారి చూసి, గేరు మార్చాడు.

కాలువ పనుల రోజుల్లో ఉద్యోగుల కోసం కట్టిన వరస ఇళ్ళవి. చదునైన కాంక్రీటు కప్పు, వీధి వైపు చిల్లుల జాలీగోడ. గీసినవాళ్ళు గాలి సంగతి బాగానే ఆలోచించారు గానీ, జాలీ వెనకే వంటిల్లని, గాలితో పాటు దారిన పోయేవాళ్ళ చూపులూ లోపలికొస్తాయని అనుకోలేదు. ఆడవాళ్ళు ఏనాడో దాన్ని సిమెంటుతో పూడ్చేశారు. ఇళ్ళు కుంపట్లయ్యాయి. ఉండటానికి పనికిరావని కూల్చే మాట మొదలైంది అందుకే.

పోయిన నెల నేనూ, పెద్దమ్మా, పక్కింటి జానీబీ అత్తా కలిసి పెద్దమ్మ ఇంట్లో తలకు పైనున్న జాలీని మాత్రం తెరిచాం. వేడి పోతుంది, చూపు రాదు. ఎండ వేడి దిగకుండా కప్పు మీద పిడుగురాళ్ళ సున్నం రెండు పూతలు వేశాం.

“మీ పెద్దమ్మ గోడ మూసింది సిగ్గుతో కాదే, ఉప్పుచేప వాసన నాకు తెలీకూడదని,” అంది జానీబీ అత్త, ఇవాళ నేను గడప దాటగానే.

“మూసినా వచ్చేదానివిగా గిన్నె పట్టుకుని!” అంది పెద్దమ్మ.

నవ్వుతోంది గానీ అత్తకి గుబులే. కూలిస్తే ఊరి బయట మూడో అంతస్తులో ఫ్లాటిస్తారట. ఆమె వరండాలో మిషను కుట్టి బతుకుతోంది. జాకెట్టు గుడ్డ పట్టుకుని అన్ని మెట్లు ఎవరెక్కుతారు?

మధ్యాహ్నం రెండింటికి ఇంజినీరు పెద్దమ్మ ఇంట్లోకొచ్చాడు. అత్త టక్కున ఫ్యానాపేసింది.

“ఎందుకమ్మా?”

“కూకోండి సారూ, మీకే తెలుసుద్ది.”

ఆయన కూర్చున్నాడు, కప్పు వైపు చూశాడు. తర్వాత, ఇంకా గోడ తెరవని అత్త ఇంట్లోకి వెళ్ళి, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. “ఈ వరస కూల్చొద్దని రాస్తాను. మిగతా ఇళ్ళకీ ఇలాగే చేయించాలి,” అన్నాడు.

“చేయించేదేంది సారూ, మేం చేసుకుంటాం. మీరు సున్నం పంపిచ్చండి చాలు,” అంది అత్త.

కాలేజీలో ఇలాంటి కాంక్రీటు ఇళ్ళని కాలం చెల్లినవని తీసిపారేసేవాళ్ళం. పల్నాడు ఎండకి ఆగే ఇల్లు ఆ కప్పు కిందే ఉంది. గీసినవాళ్ళు మరిచిపోయిన ముక్కని మావాళ్ళు చేర్చారు, అంతే. ఈ మాట నలుగురిలో చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

మీరూ ఇలాంటి ఇళ్ళు చూడ్డానికి వెళ్తే, చల్లటి పొద్దున పూట వద్దు. ఎండ నెత్తినున్నప్పుడు వెళ్ళండి.