అనుమానాల బాబాయ్ విచారణలు

మా బాబాయ్‌గారికి ఉన్నది ఒకే ఒక్క గుణం, అనుమానం. మిగతావన్నీ దాని సంతానం. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే, సొంత బాబాయ్ మాత్రం ఎవరికీ కారు. టీ ఇస్తే "ఇవాళ ఇంత వేడిగా ఉందేమిటి?" అంటారు. చల్లారాక ఇస్తే "ముందు ఎవరు తాగారు?" అంటారు. కూర బాగుందా అని పిన్నిగారు అడిగితే, "ఎందుకడిగావు?" అని ముద్ద కింద పెట్టేస్తారట.

అలాంటి మనిషిని తెచ్చి వలసల ఆఫీసులో, బయటి దేశాలవాళ్లకు నివాస అనుమతులిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పక్క బల్ల నాది.

మా నిబంధనలది గాలివాటం. పరాయివాళ్లు మన పనులు లాక్కుంటున్నారని వీధిలో ఊరేగింపు వెళితే, సాయంత్రానికల్లా "ఎవరికీ ఇవ్వకండి" అని ఉత్తర్వు. మనకు మందులు పంపే దేశం మూతి ముడిస్తే, "అందరికీ ఇచ్చేయండి" అని ఇంకోటి. బాబాయ్ రెండింటినీ వెలుతురుకెత్తి చూసి, "సంతకం మరీ ఇంత నీటుగా ఉందేమిటి?" అనేవారు.

ఎన్నికల ముందు, ఊరేగింపులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఆసుపత్రి ఆయా ఒకామె వచ్చింది. గడువు ముగిసిపోతోంది. పొడిగించకపోతే, ఇక్కడే పుట్టిన కూతుర్ని బడి మాన్పించి దేశం విడిచిపోవాలి. ఇవ్వొద్దని పెద్ద ఆఫీసరు ముందే చెప్పేశాడు.

"ఫొటోలో నవ్వుతున్నావేమ్మా?" అన్నారు బాబాయ్.

"ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడండీ."

"ఎవడా ఫొటోగ్రాఫరు? ఇందులో ఏదో ఉంది. విచారణ జరగాలి."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు పెద్ద ఆఫీసరు వచ్చి అడిగాడు. "ఆ ఆయా సంగతేమైంది?"

"విచారణలో ఉందండీ. ఫొటోగ్రాఫరు మంచివాడే. ఇప్పుడు వాడి మేనమామ మీద అనుమానం."

"తొందరగా తేల్చండి."

"మీకెందుకండీ అంత తొందర?"

ఆఫీసరు తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఎన్నికలైపోయాయి. మావాళ్లను సరిగా చూడకపోతే మందులు పంపేది లేదని ఆ దేశం గట్టిగా చెప్పింది. ఆయాలు చాలడం లేదని ఆసుపత్రులూ గోల పెట్టాయి. వెంటనే కొత్త ఉత్తర్వు దిగింది. ఆ మధ్యాహ్నమే బాబాయ్ ఆయాను పిలిపించి, "అనుమానం తీరిందమ్మా" అని ముద్ర కొట్టేశారు. ఆ తర్వాత, అలాగే విచారణలో ఉన్న వంటవాళ్ల మీదా, తాపీమేస్త్రీల మీదా అనుమానాలు ఒకదాని వెంట ఒకటి తీరిపోయాయి.

అప్పుడు వెలిగింది నా బుర్ర. విచారణ ముగిసేదాకా మనిషిని దేశం దాటించకూడదు. ఆ ఒక్క నిబంధనను మాత్రం ఏ ఉత్తర్వూ ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది, ఆయన మీద ప్రేమా పొంగింది.

"బాబాయ్‌గారూ, ఇదంతా కావాలనే చేశారు కదూ?"

ఆయన కళ్లజోడు దించి, నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"బంగారంలాంటి పిల్లవి. నీకీ అనుమానపు బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?"